ఆస్మాన్ తిరుగుతుంటే దూర్‌బీన్‌ను నిలబెట్టినవాళ్లు

దూర్‌బీన్ అనగానే మనకు దాని అద్దమే గుర్తొస్తుంది. అద్దం ఎంత పెద్దది, ఎన్ని రెట్లు చూపిస్తుంది, చాంద్ మీద గుంటలు కనిపిస్తాయా, జుహల్ చుట్టూ ఉన్న కడియం కనిపిస్తుందా అని అడుగుతాం. అది దేని మీద నిలబడుతుందో మాత్రం ఎవరూ అడగరు. అందుకే మన ఇళ్లలో పిల్లల కోసం ముచ్చటపడి కొన్న దూర్‌బీన్‌లు చాలావరకు నెల తిరక్కుండానే అల్మారా పైకెక్కి కూర్చుంటాయి. అద్దం బాగానే ఉంటుంది. కాళ్లే సన్నగా, రేకుతో చేసినవి. గాలి వీచినా వణుకుతాయి, చెయ్యి తగిలినా వణుకుతాయి. వంద రెట్లు పెద్దగా చూపించే దూర్‌బీన్ ఆ వణుకును కూడా వంద రెట్లు పెద్దదిగానే చూపిస్తుంది. పాపం పిల్లవాడు చాంద్‌ను చూడడు, చాంద్ గంతులు వేయడాన్ని చూస్తాడు.

ఇది ఈనాటి కష్టం కాదు. ఆస్మాన్‌ను కొలవాలని కూర్చున్న ప్రతి జమానాలోనూ ఇదే కష్టం. ఇల్మ్-ఎ-ఫలకియాత్ తారీఖ్ రాసేవాళ్లు పెద్ద పెద్ద పేర్లు చెబుతారు, సితారాల జాబితాలు చెబుతారు. ఆ సితారాను నజర్ ముందు కదలకుండా నిలబెట్టిన ఇరుసు గురించి, పళ్లచక్రం గురించి, పునాది గురించి చెప్పేవాళ్లు తక్కువ. నేను ఇవాళ ఆ తారీఖే రాస్తాను. ఎందుకంటే అందులో సమర్‌ఖంద్ ఉంది, జైపూర్ ఉంది, మన హైదరాబాద్ కూడా ఉంది.

ముందు అసలు ముష్కిల్ ఏమిటో చూద్దాం. జమీన్ తన చుట్టూ తాను తిరుగుతుంది కాబట్టి మన కంటికి ఆస్మాన్ మొత్తం తూర్పు నుంచి పడమరకు జరుగుతున్నట్టు కనిపిస్తుంది. గంటకు 15 డిగ్రీలు. చాంద్ వెడల్పు అర డిగ్రీ. అంటే దూర్‌బీన్‌ను ఒకచోట బిగించి వదిలేస్తే, చాంద్ తన వెడల్పంత దూరం రెండు నిమిషాల్లో జరిగిపోతుంది. వంద రెట్ల దూర్‌బీన్‌లో మనకు కనిపించే గుండ్రటి జాగా కూడా మామూలుగా అంతే ఉంటుంది. సితారా ఒక అంచున వచ్చి ఇంకో అంచున వెళ్లిపోవడానికి రెండే నిమిషాలు. పక్కవాళ్లను పిలిచి చూపించేలోపు జారిపోతుంది.

దీనికి పాతకాలపు జవాబు సూటిగా ఉండేది. ఆస్మాన్ కదిలితే కదలనీ, మన ఆలా కదలకూడదు. సమర్‌ఖంద్‌లో ఉలుగ్ బేగ్ 1420ల నాటి తన రసద్‌గాహ్‌లో చేసింది అదే. దాదాపు 40 మీటర్ల వ్యాసార్ధం ఉన్న రాతి విల్లును ఉత్తర దక్షిణ రేఖ మీద కట్టారు. దాని అడుగు భాగాన్ని కొండ తొలిచి దించారు. సూరజ్ గానీ సితారా గానీ ఆ రేఖ దాటే ఘడియలో ఎంత ఎత్తున ఉందో కొలుస్తారు. పరికరానికి ఇరుసు లేదు, అరుగుదల లేదు, వణుకు లేదు. అక్కడి పని నుంచే 1437 నాటికి వెయ్యికి పైగా సితారాల జాబితా తయారైంది. అప్పటికి దూర్‌బీన్ ఇంకా పుట్టనే లేదు.

మరి పరికరాన్ని తిప్పాల్సి వస్తే? అందుకు రెండు దారులు. ఒకటి తోపు బండి దారి: కుడి ఎడమలకు ఒక ఇరుసు, కిందికీ పైకీ ఇంకొకటి. ఇంగ్లిష్‌లో దీన్ని ఆల్ట్-అజిమత్ అంటారు. ఆ అజిమత్ అనే మాట ఎక్కడిదో తెలుసా? మనం రోజూ వాడే సమ్త్-ఎ-ఖిబ్లాలోని సమ్త్. దిశ అని అర్థం. అరబీ కితాబుల నుంచి యూరప్ వాళ్ల నోటికి ఎక్కి అలా మారింది. తల మీది బిందువును జెనిత్ అంటారే, అదీ సమ్త్ నుంచి వచ్చిందే.

రెండో దారి ఇంకా తెలివైనది. ఒక ఇరుసును జమీన్ ఇరుసుకు సమాంతరంగా వంచి పెడతారు. అంటే దాని కొస ఖుతుబ్ తారా వైపు చూస్తూ ఉంటుంది. ఇక ఆ ఒక్క ఇరుసు చుట్టూ నెమ్మదిగా తిప్పితే చాలు, సితారా నజర్ ముందే ఉండిపోతుంది. రెండో ఇరుసును ముట్టుకోనక్కరలేదు. దీనికి ఈక్వటోరియల్ అని పేరు. ఈ ఇరుసు ఎంత వంగాలి అన్నది ఊరిని బట్టి ఉంటుంది. ఊరి అర్జ్-ఎ-బలద్ ఎంతో అంత. హైదరాబాద్‌కు సుమారు 17.4 డిగ్రీలు, విజయవాడకు 16.5, కర్నూలుకు 15.8, కడపకు 14.5.

జైపూర్ రాజా సవాయి జైసింగ్ దగ్గర ఈ కథ మలుపు తిరుగుతుంది. ఆయన మొదట మన సమర్‌ఖంద్ తరహా కితాబులు చూసి ఇత్తడి పరికరాలు చేయించాడు. వాటితో తృప్తి కలగలేదు. ఎందుకు కలగలేదో మొఘల్ బాద్‌షా ముహమ్మద్ షా పేరిట ఫార్సీలో రాయించిన జీజ్-ఎ-ముహమ్మద్‌షాహీ ముందుమాటలో ఉంది. పరికరాలు చిన్నవి కావడం, ఇరుసులు అరిగి ఊగడం, వృత్తాల కేంద్రాలు పక్కకు జరగడం. ఈ మూడు ఐబులనూ ఇవాళ దూర్‌బీన్ స్టాండ్ తయారుచేసే ఏ కారీగర్‌ను అడిగినా అలాగే చెబుతాడు. మూడు వందల ఏళ్లలో మర్జ్ మారలేదు.

జైసింగ్ చేసిన ఇలాజ్ సున్నం, రాయి. 1724 ప్రాంతంలో దిల్లీలో మొదలుపెట్టి జైపూర్, ఉజ్జయిని, బనారస్, మథురలలో కట్టించాడు. జైపూర్‌లోని పెద్ద సమ్రాట్ యంత్రం 27 మీటర్ల ఎత్తు. దాని ఏటవాలు గోడ జమీన్ ఇరుసుకు సమాంతరంగా ఉంటుంది. అంటే అది కదలని ఈక్వటోరియల్ అన్నమాట. నీడ సెకనుకు దాదాపు ఒక మిల్లీమీటరు చొప్పున జరుగుతుంటే కళ్లతోనే చూడొచ్చు. ఒక హిందూ రాజా, ఫార్సీ కితాబు, సమర్‌ఖంద్ పద్ధతి, సంస్కృతం పేరు. మన ముల్క్‌లో ఇల్మ్ ఇలా నడిచింది. దీన్ని ఒక వాటా మనకు, ఒక వాటా వాళ్లకు అని కోసి పంచుకోవాలనుకునేవాళ్లకు చివరికి రాళ్లే మిగులుతాయి.

అయితే రాయి తిరగదు. దూర్‌బీన్ వచ్చాక తిరగక తప్పదు. అప్పుడు కావలసింది ఇరుసుతో పాటు వక్త్. ఇస్తాంబుల్‌లో తఖీయుద్దీన్ 1577లో నెలకొల్పిన రసద్‌గాహ్‌లో సెకన్లు కూడా చూపించే యాంత్రిక గడియారం చేసుకున్నాడు. సితారా ఎక్కడుందో చెప్పాలంటే ఎప్పుడు చూశావో కూడా చెప్పాలన్న సంగతి ఆయనకు తెలుసు. 1580లో సుల్తాన్ మురాద్ హుకుంతో ఆ రసద్‌గాహ్‌ను పడగొట్టేశారు. ఈ ముక్క కూడా మన తారీఖ్‌లోదే. గొప్ప సంగతి చెప్పి ఇది దాచడం నాకు ఇష్టం లేదు.

గడియారాన్నీ ఇరుసునూ పెళ్లి చేసినట్టు కలిపి చూపించినవాడు జర్మనీకి చెందిన ఫ్రాన్‌హోఫర్. 1824లో దోర్పాత్ రసద్‌గాహ్‌కు ఆయన పంపిన దూర్‌బీన్ అద్దం 24 సెంటీమీటర్లు. దాని ఇరుసుకు కట్టిన బరువు కిందికి దిగుతూ ఉంటే పళ్లచక్రాలు తిరిగి, దూర్‌బీన్ సితారా వెంట తానే నడిచేది. ఒక పక్క దూర్‌బీన్, ఇంకో పక్క దానికి సమానమైన బరువు. తరాజులా. ఆ నమూనానే ఇవాళ్టికీ జర్మన్ మౌంట్ అంటున్నారు.

ఇక్కడ ఒక బారీకీ ఉంది. మా దాదా గడియారాలు బాగుచేసేవారు. గడియారం చప్పుడు చేసేది ఎందుకని చిన్నప్పుడు అడిగితే, బిగించిన స్ప్రింగ్ ఒక్కసారిగా విడిపోకుండా ఒక కొక్కెం దాన్ని ఆపుతూ వదులుతూ ఉంటుంది, ఆ ఆపడమే టిక్ టిక్ అని చెప్పేవారు. చేతి గడియారానికి అది చాలు. దూర్‌బీన్‌కు పనికిరాదు. ఆగుతూ కదిలితే సితారా కూడా కంటి ముందు ఆగుతూ దుముకుతుంది. అందుకని దూర్‌బీన్ గడియారంలో కొక్కెం బదులు గిర్రున తిరిగే గోళాలు పెట్టారు. వేగం పెరిగితే గోళాలు విచ్చుకుని రాపిడి పెంచుతాయి, తగ్గితే దగ్గరికి వచ్చి వదులుతాయి. నడక నీళ్లలా సాగుతుంది. ఐర్లండ్‌లో డబ్లిన్ నగరంలోని గ్రబ్ కార్ఖానా ఈ పనిలో దునియా అంతటా పేరు పొందింది.

ఆ గ్రబ్ దూర్‌బీన్ ఒకటి హైదరాబాద్‌కు వచ్చింది. తెప్పించినది సర్కారు కాదు, ఒక షౌకీన్. నవాబ్ జఫర్ జంగ్ బహాదుర్, హైదరాబాద్ ఉమరాలలో ఒకరు. 15 అంగుళాల అద్దం. 1901లో ఫిసల్‌బండలో తన రసద్‌గాహ్ నెలకొల్పి, దానికి నిజామియా అని పేరు పెట్టుకోవడానికి ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఇజాజత్ తీసుకున్నారు. 8 అంగుళాల కుక్ కంపెనీ ఫోటో దూర్‌బీన్ కూడా తెప్పించారు. 1907లో నవాబ్ ఇంతెఖాల్ అయ్యారు. 1908లో నిజాం సర్కారు రసద్‌గాహ్‌ను తన చేతిలోకి తీసుకుంది. ఇంగ్లండ్ నుంచి వచ్చిన చాట్‌వుడ్ మొదటి డైరెక్టర్. రసద్‌గాహ్ బేగంపేటకు మారింది.

ఇప్పుడు ఒక లెక్క చూడండి. నవాబ్ రసద్‌గాహ్ మొదలుపెట్టింది 1901లో. ఆ 15 అంగుళాల గ్రబ్ దూర్‌బీన్ నిలబడి పనిలోకి వచ్చింది 1922లో, టి.పి. భాస్కరన్ డైరెక్టర్‌గా ఉన్నప్పుడు. మధ్యలో ఇరవై ఒక్క ఏళ్లు. తెప్పించిన నవాబ్ దాన్ని ఆ హాలులో చూడలేదు. దూర్‌బీన్ కొనడానికి దౌలత్ చాలు. నిలబెట్టడానికి వేరేది కావాలి. ఇంటి పునాదిని తాకకుండా విడిగా లేచే స్తంభం కావాలి, లేకపోతే మనిషి నడిచినా సితారా ఊగుతుంది. తిరిగే గుమ్మటం కావాలి. ఇరుసును ఆ ఊరి అర్జ్-ఎ-బలద్‌కు సరిగ్గా వంచాలి. డబ్లిన్‌లో ఖుతుబ్ తారా 53 డిగ్రీల ఎత్తున ఉంటే, హైదరాబాద్‌లో 17 డిగ్రీల ఎత్తునే, ఇళ్ల కప్పుల మీద ఉన్నట్టు ఉంటుంది. అక్కడ సగానికి పైగా నిలబడి ఉండే ఇరుసు ఇక్కడ దాదాపు పడుకుని ఉంటుంది. బరువు వేరే చోట పడుతుంది. వేటికి ఎంత ఆనిక కావాలో మళ్లీ లెక్క వేసుకోవాలి. ఆపై ఏళ్ల తరబడి రాత్రుళ్లు కూర్చునే మనుషులు కావాలి.

ఆ మనుషులు ఏం చేశారన్నది మనవాళ్లకు తెలియాల్సిన అసలు సంగతి. 1887లో పారిస్‌లో ఒక అంతర్జాతీయ ఫైసలా జరిగింది. ఆస్మాన్ మొత్తాన్ని పట్టీలుగా కోసి, ఒక్కో రసద్‌గాహ్ ఒక్కో పట్టీ ఫోటోలు తీసి, సితారాల జాబితా తయారుచేయాలని. దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల మధ్య పట్టీ మొదట చిలీలోని సాంటియాగో వంతు. అక్కడ పని సాగకపోవడంతో అది హైదరాబాద్‌కు వచ్చింది. చాట్‌వుడ్, ఆయన తర్వాత 1914 నుంచి పోకాక్, 1918 నుంచి భాస్కరన్ దాన్ని నడిపించారు. తర్వాత జర్మనీలోని పోట్స్‌డామ్ వంతులో మిగిలిన 36 నుంచి 39 డిగ్రీల ఉత్తర పట్టీ కూడా హైదరాబాదే ఎత్తుకుంది. అంతా కలిపి ఏడున్నర లక్షలకు పైగా సితారాల జాగాలు కొలిచారు. 1919 నుంచి రసద్‌గాహ్ ఉస్మానియా యూనివర్సిటీది.

ఆ పనిలో ఇరుసు విలువ ఎంతో కొలతలతో చెబుతాను. పారిస్ నిబంధన ప్రకారం గాజు పలక మీద ఒక మిల్లీమీటరు అంటే ఆస్మాన్‌లో డిగ్రీలో అరవయ్యో వంతు. ఒక పలకను ఆరు నిమిషాలు తెరిచి ఉంచారనుకోండి. దూర్‌బీన్ కదలకపోతే హైదరాబాద్ పట్టీలోని సితారా ఆ ఆరు నిమిషాల్లో పలక మీద ఎనిమిది సెంటీమీటర్లకు పైగా గీత గీస్తుంది. కావలసింది గీత కాదు, చుక్క. అంత చిన్న చుక్క కావాలంటే గడియారం ఒక్కటే చాలదు. అది ఎంత బాగా నడిచినా ప్రతి పళ్లచక్రంలో ఏదో ఒక ఐబు ఉంటుంది. అందుకే ఇలాంటి ఫోటో దూర్‌బీన్‌లకు పక్కనే ఇంకో దూర్‌బీన్ కట్టి ఉంటుంది. అందులో సన్నని అడ్డగీతల మీద ఒక సితారాను పెట్టుకుని, మనిషి కన్ను ఆర్పకుండా చూస్తూ, అది ఇటో అటో జరిగితే మెల్లగా మర తిప్పి మళ్లీ గీత మీదికి తెస్తాడు. ఒక పలక తర్వాత ఇంకో పలక. అలా ఏళ్లు. సబర్ అనే మాటకు ఇంతకంటే మంచి మిసాల్ నాకు దొరకలేదు.

భాస్కరన్ తర్వాత 1944లో అక్బర్ అలీ డైరెక్టర్ అయ్యారు. ఊరి దీపాలు పెరుగుతున్నాయని, బయట 48 అంగుళాల దూర్‌బీన్ పెట్టాలని ఆయన తలపెట్టిన పని 1968లో రంగాపూర్ దగ్గర పూర్తయింది. అదే నిజామియాలో పనిచేసిన ఒక ఉద్యోగి కొడుకు వేణు బప్పు. నిజాం కాలేజీ తాలిబే ఇల్మ్. హైదరాబాద్ సర్కారు వజీఫా మీద హార్వర్డ్ వెళ్లాడు. 1949లో తన సాథీలతో కలిసి తోకచుక్కను కనిపెట్టాడు. తర్వాత కావలూరులో 2.3 మీటర్ల దూర్‌బీన్‌కు బునియాద్ వేశాడు. అది కూడా ఈక్వటోరియలే. 1986 నుంచి ఆయన పేరుతోనే ఉంది. బేగంపేటలో ఇప్పుడు ఆ స్థలం చిరునామా కాగితాల మీద ఇంకా నిజామియా అబ్జర్వేటరీ క్యాంపస్ అనే ఉంది. ఆ గేటు ముందు నుంచి రోజూ వేలమంది వెళ్తారు.

మరి మనలాంటి మామూలు ఇళ్లవాళ్ల సంగతి? నవాబ్‌లు లేరు, గ్రబ్ కార్ఖానా లేదు. కానీ ఈ ఇల్మ్ ఇప్పుడు చాలా సస్తా అయింది, దానికి ఇద్దరి ఎహసాన్ ఉంది. ఒకరు అమెరికాలో జాన్ డాబ్సన్. శాన్ ఫ్రాన్సిస్కో వేదాంత సొసైటీలో సన్యాసి. జేబులో పైసా లేకుండా దూర్‌బీన్‌లు చేసేవాడు. ఖరీదైన ఇరుసులన్నీ పక్కన పెట్టి ప్లైవుడ్ పెట్టె చేశాడు, తోపు బండి పద్ధతిలో. రాపిడి ఉండే చోట టెఫ్లాన్ ముక్కలు పెట్టాడు. టెఫ్లాన్ గుణం ఏమిటంటే, కదలడం మొదలుపెట్టడానికి ఎంత బలం కావాలో, కదులుతూ ఉండడానికీ దాదాపు అంతే చాలు. అందుకే వేలితో తోస్తే దూర్‌బీన్ దుమకదు, జారుతుంది. వదిలితే ఆగిపోతుంది. మధ్య ఇరుసు కాకుండా వెడల్పాటి అంచు బరువు మోస్తుంది కాబట్టి వణుకూ తక్కువ. 1968 నుంచి ఆయనా ఆయన సాథీలూ వీధి అంచున దూర్‌బీన్ పెట్టి దారినపోయేవాళ్లను పిలిచి చూపించారు.

ఇంకొకరు స్కాట్లండ్‌కు చెందిన జార్జ్ హేగ్. 1970లలో ఆయన చెప్పిన తరీఖా చూస్తే నవ్వొస్తుంది. రెండు చెక్కలు, తలుపు కీలు, ఒక బోల్టు. కీలు కొసను ఖుతుబ్ తారా వైపు పెట్టాలి. కింది చెక్క కదలదు. పై చెక్క మీద కెమెరా. బోల్టు తిప్పితే చెక్కలు మెల్లగా విచ్చుకుంటాయి, అదే సితారాల నడక. లెక్క కూడా తేలికే. ఎం6 బోల్టుకు ఒక చుట్టుకు ఒక మిల్లీమీటరు. నిమిషానికి ఒక చుట్టు తిప్పాలంటే కీలుకూ బోల్టుకూ మధ్య 228.5 మిల్లీమీటర్లు ఉండాలి. మోటారు లేకపోతే సెకన్ల ముల్లు చూస్తూ 15 సెకన్లకు పావు చుట్టు తిప్పినా చాలు. తిన్నని బోల్టుతో పది నిమిషాలు దాటితే వేగం తప్పడం మొదలవుతుంది, అందుకని ఐదు నిమిషాల్లో ఆపి వెనక్కి తిప్పుకోవాలి.

మా భాంజా కర్నూలులో ఇంటర్ చదువుతూ ఇది చేశాడు. వడ్రంగి దుకాణంలో దొరికిన ముక్కలతో. చెక్కలో వంకర, బోల్టు రంధ్రంలో వదులు, కీలులో ఆట. మూడూ సరిచేసుకునే దాకా ఫోటోలో సితారాలు వంకీలుగానే వచ్చాయి. జైసింగ్ రాయించిన ఐబుల జాబితాను వాడు చదవకముందే చేతులతో నేర్చుకున్నాడు. కదలడానికి కారణం కనిపెట్టడానికి వాడు పాటించిన నియమం ఇది: ఒక్కసారి ఒకటే మార్చు. ఇప్పుడు మేడ మీద పునాది గోడకు ఆనుకుని పెడతాడు, నడిచేవాళ్లను ఆ పక్కకు రానివ్వడు.

పెద్ద స్టాండ్ కొనేవాళ్లకు రెండు ముక్కలు. కాళ్ల మధ్య బరువు వేలాడదీస్తే వణుకు తగ్గుతుంది. దూర్‌బీన్‌ను వేలితో ఒక్కసారి తట్టండి. ఒకటి రెండు సెకన్లలో నిశ్చలం అయితే స్టాండ్ మంచిది. ఐదు సెకన్లు ఊగితే అద్దం ఎంత మంచిదైనా బేకార్. మోటారు ఉన్నదైతే అందులో పురుగు మరకు ఒక చుట్టు ఎంతసేపో అడగండి. 144 పళ్ల చక్రమైతే పది నిమిషాలకు రెండు సెకన్లు తక్కువ. ప్రతి చుట్టులోనూ ఒకే ఐబు మళ్లీ మళ్లీ వస్తుంది, కాబట్టి దాన్ని పట్టుకుని దిద్దవచ్చు.

ఇదంతా ఎందుకు రాశానంటే, మన పిల్లలకు మనం తారీఖ్ చెప్పే తీరు చూస్తే భయం వేస్తుంది. ఫోన్‌లో వచ్చే సందేశాల్లో ఫలానా ఫలానావారు ఇది కనిపెట్టారు, అది కనిపెట్టారు అని పేర్లు. పిల్లవాడు ఫఖర్ పడతాడు, ఇంకో సందేశం చూస్తాడు, అయిపోయింది. నిజామియా తారీఖ్ అలాంటిది కాదు. అందులో నవాబ్ షౌక్ ఉంది, ఇంగ్లిష్ డైరెక్టర్ ఉన్నాడు, భాస్కరన్ ఉన్నారు, అక్బర్ అలీ ఉన్నారు, పేరు తెలియని గుమాస్తాలు ఉన్నారు. ఏడున్నర లక్షల చుక్కలు ఒక్కొక్కటిగా కొలిచిన మెహనత్ ఉంది. పెద్దవాళ్లు ఆస్మాన్ చూశారని చెబితే పిల్లవాడు మురిసిపోతాడు. వాళ్లు ఇరుసును ఎలా సరిచేశారో చెబితే రెంచి అడుగుతాడు. నాకు ఆ రెండో పిల్లవాడు కావాలి. ఈ సెలవుల్లో అల్మారా పైన ఉన్న ఆ దూర్‌బీన్ దించండి. అద్దం తుడిచే ముందు దాని కాళ్ల బోల్టులు బిగించండి.